రోజూ చేతిలో ఉండే వస్తువులు, వాటి వెనక సంగతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

టేపు, అగ్గిపెట్టె, పెన్ను, జిప్పు లాంటి వాటి గురించి పదేపదే వచ్చే ప్రశ్నలకు జవాబులివి. వస్తువులో వింతగా కనిపించే రంధ్రమో, వంపో, వదులో ఊరికే ఉండదు. ఎప్పుడో ఎక్కడో ఏదో తేడా కొట్టి ఉంటుంది, దాన్ని సరిచేయడానికి పెట్టిన ఏర్పాటే అది. ఆ తేడా ఏమిటో తెలిస్తే వస్తువును సరిగ్గా వాడొచ్చు, మొరాయించినప్పుడు బాగుచేసుకోవచ్చు. వాట్సాప్‌లో తిరిగే కథల్లో నిజం కానివి తగిలినప్పుడు ఆ మాట అక్కడే చెప్పాం.

కొలత టేపు చివరి కొక్కెం లొడలొడలాడుతోంది. బిగించాలా?

వద్దు. బిగిస్తే మంచి టేపు పాడవుతుంది. ఆ కొక్కెం తన రేకు మందం ఎంతో సరిగ్గా అంతే దూరం ముందుకీ వెనక్కీ జరగాలి. అందుకే రివెట్లు దిగే రంధ్రాలను గుండ్రంగా కాకుండా కోలగా చేస్తారు.

చెక్క అంచుకు తగిలించి లాగినప్పుడు కొక్కెం బయటికి జరుగుతుంది, కొలత దాని లోపలి ముఖం నుంచి మొదలవుతుంది. కిటికీ చట్రం లోపలి వెడల్పు కోసం ఒక పక్కకు ఆనించి నొక్కినప్పుడు లోపలికి జరుగుతుంది, అప్పుడు కొలత బయటి ముఖం నుంచి మొదలవుతుంది. రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. కదలకుండా బిగించేస్తే ఈ రెండు కొలతల్లో ఒకటి ప్రతిసారీ ఆ మిల్లీమీటరు మేర తప్పుతుంది. గోడకు పటం తగిలించడానికైతే ఫర్వాలేదు గానీ, అల్మరా సొరుగుకు అది చాలా ఎక్కువ.

మీ టేపు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం తేలిక. సుమారు అర మీటరు చెక్క ముక్క తీసుకోండి. మొదట కొక్కెం తగిలించి కొలవండి. తర్వాత చెక్కను గోడకు ఆనించి పెట్టి, టేపును కూడా గోడకు నొక్కి పట్టుకుని దాని రెండో చివర దగ్గర చదవండి. మూడోసారి కొక్కెంతో పని లేకుండా, 10 సెంటీమీటర్ల గీతను చెక్క అంచుకు పెట్టి కొలిచి, వచ్చినదాంట్లోంచి 10 తీసేయండి. మూడూ ఒకటే రావాలి. మొదటిది తేడాగా ఉంటే కొక్కెం వంగిపోయి ఉంటుంది. రెండోది తేడాగా ఉంటే కొక్కెం వెనక మట్టి, చెక్కపొట్టు ఇరుక్కుని ఉండొచ్చు. తప్పు ఎక్కువగా మనదే: టేపును చేతిలోంచి వదిలేసి టక్కున లోపలికి కొట్టుకోనిస్తాం. ఆ దెబ్బలకే కొక్కెం వంగుతుంది, రంధ్రాలు సాగుతాయి. చివరి అర మీటరు వేలితో ఆపుతూ లోపలికి పంపితే టేపు చాలా ఏళ్లు నిలుస్తుంది.

10 సెంటీమీటర్ల నుంచి కొలిచే పద్ధతి అన్నిటికంటే నమ్మకమైనది. కాకపోతే 10 తీసేయడం మర్చిపోయి చెక్క పొడుగ్గా కోసేయడం వడ్రంగి పనిలో నిత్యం జరిగేదే.

కొక్కెంలో చిన్న చీలిక ఎందుకు? టేపు డబ్బా మీద రాసిన కొలత ఏమిటి? నల్ల డైమండ్ గుర్తులు?

చీలిక మేకు తలకో స్క్రూ తలకో తగిలించడానికి. ఒంటరిగా కొలిచేటప్పుడు అవతలి చివర పట్టుకునే మనిషి అక్కర్లేదు. మేకును కేంద్రంగా పెట్టి, కావలసిన కొలత దగ్గర పెన్సిల్ ఆనించి తిప్పితే వృత్తం కూడా గీయొచ్చు.

డబ్బా అడుగున ఉండే అంకె ఆ డబ్బా పొడవు. లోపలి కొలతలు తీసేటప్పుడు టేపును మూలలో వంచి అందాజుగా చదవొద్దు. డబ్బా వీపును గోడకు ఆనించి, టేపు డబ్బా నోటి దగ్గర చూపే అంకెకు డబ్బా పొడవు కలపండి.

అంగుళాల టేపుల మీద ప్రతి 16 అంగుళాలకూ ఒక గుర్తు, ప్రతి 19.2 అంగుళాలకూ ఒక నల్ల డైమండ్ ఉంటాయి. 8 అడుగుల పలక అంటే 96 అంగుళాలు. దాన్ని 16 చొప్పున ఆరు, 19.2 చొప్పున ఐదు సమాన భాగాలు చేయొచ్చు. చెక్క దూలాలతో ఇళ్లు కట్టే అమెరికా పద్ధతిలో దూలానికీ దూలానికీ మధ్య దూరం ఇదే. ఆ పని చేయనివారికి డైమండ్లతో అవసరం రాదు. స్ప్రింగుతో దానంతటదే లోపలికి వెళ్లే టేపుకు అమెరికాలో ఆల్విన్ ఫెలోస్ 1868లోనే పేటెంటు తీసుకున్నాడు.

అగ్గిపుల్లను పెట్టె పక్కన గీస్తేనే ఎందుకు అంటుకుంటుంది? గోడకు గీస్తే ఎందుకు అంటుకోదు?

మంటకు కావలసిన మందును కావాలనే రెండు చోట్ల విడగొట్టి పెట్టారు కాబట్టి. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, గంధకం లేదా ఆంటిమొనీ సల్ఫైడ్, జిగురు ఉంటాయి. పెట్టె పక్క పట్టీలో ఎర్ర భాస్వరం, గాజుపొడి, జిగురు ఉంటాయి. గీసినప్పుడు రాపిడి వేడికి ఎర్ర భాస్వరంలో అతి కొద్ది భాగం తెల్ల భాస్వరంగా మారి గాలి తగలగానే అంటుకుంటుంది. ఆ వేడికి క్లోరేట్ ఆక్సిజన్ వదులుతుంది, తల భగ్గుమంటుంది. రెండూ కలిసేదాకా రెండూ సాధువులే.

ఇలా విడగొట్టడం వెనక చాలా బాధ ఉంది. ఇంగ్లండ్‌లోని స్టాక్టన్-ఆన్-టీస్‌లో మందుల దుకాణం నడిపిన జాన్ వాకర్ 1827లో గీస్తే అంటుకునే పుల్లలు అమ్మాడు, పేటెంటు మాత్రం తీసుకోలేదు. 1830ల్లో పుల్ల తలలోనే తెల్ల భాస్వరం కలపడం మొదలైంది. ఆ పుల్ల దేనికి గీసినా అంటుకునేది, జేబులో రాసుకున్నా అంటుకునేది. అంతకంటే ఘోరం కర్మాగారాల్లో జరిగింది. ఆ పొగ పీల్చిన కార్మికులకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, దవడ ఎముక కుళ్లిపోయే జబ్బు వచ్చేది. 1888లో లండన్‌లోని బ్రయంట్ అండ్ మే కర్మాగారంలో అమ్మాయిలు చేసిన సమ్మె ఈ సంగతిని లోకానికి తెలియజేసిన ఘట్టాల్లో ఒకటి. 1906లో బెర్న్‌లో కుదిరిన ఒప్పందంతో తెల్ల భాస్వరం అగ్గిపుల్లల నిషేధం దేశాల మధ్య మొదలైంది.

విచిత్రమేమిటంటే, విరుగుడు అప్పటికి అరవై ఏళ్ల నుంచీ ఉంది. స్వీడన్ రసాయన శాస్త్రవేత్త గుస్తాఫ్ ఎరిక్ పాష్ 1844లోనే భాస్వరాన్ని తలలోంచి తీసి పెట్టె పక్కకు మార్చాడు. యోన్‌షోపింగ్ పట్టణంలో లుండ్‌స్ట్రోమ్ సోదరులు దాన్ని పెద్ద ఎత్తున తయారుచేశారు. తెల్ల భాస్వరం చవక కావడమే ఆలస్యానికి పెద్ద కారణం.

పుల్ల గీస్తే తల ఊడిపోతోంది, లేదా చుర్రుమని ఆరిపోతోంది. ఎందుకు?

తల ఊడిపోతుంటే చెమ్మ చేరినట్టు. జిగురు మెత్తబడి పుల్లను వదిలేస్తుంది. పెట్టెను గాలి చొరబడని డబ్బాలో ఉంచడమే మందు. స్టవ్వు పక్కన ఆరబెట్టే ప్రయోగం చేయకండి.

తల అంటుకుంటున్నా మంట పుల్లకు పాకకపోతే మైనం తక్కువైనట్టు. మంచి పుల్ల తల వైపు భాగాన్ని పారాఫిన్ మైనంలో ముంచుతారు, తలలోని మంటను చెక్కకు అందించేది అదే. గీసిన వెంటనే పుల్లను కాస్త కిందికి వంచితే మంట పైకి పాకుతుంది. చెక్కకు అమ్మోనియం ఫాస్ఫేట్ కూడా పట్టిస్తారు. అందువల్ల ఊదేశాక పుల్ల నిప్పుకణికలా మిగలకుండా వెంటనే నల్లబడుతుంది. ఆర్పిన పుల్ల చాలాసేపు ఎర్రగా కణకణలాడుతుంటే ఆ పూత సరిగ్గా పడలేదని అర్థం, అలాంటివి చెత్తబుట్టలో వేసే ముందు నీళ్లలో ముంచండి.

పట్టీ అరిగి కింది అట్ట కనిపిస్తుంటే ఎంత గట్టిగా గీసినా లాభం లేదు. మిగిలిన నల్లటి చోట, ఒకే దిశలో, ఒకే గీతగా గీయండి.

బాల్‌పెన్ను మూతకు రంధ్రం, గొట్టానికి రంధ్రం: రెండూ ఇంకు కోసమేనా?

గొట్టం పక్కన ఉన్నది మాత్రమే ఇంకు కోసం. ఇంకు కిందికి దిగేకొద్దీ రీఫిల్ పైభాగంలోకి గాలి రావాలి, లేకపోతే ఇంకు ఆగిపోతుంది. రీఫిల్ వెనక చివర తెరిచి ఉండేది ఇందుకే. బయటి గొట్టం రంధ్రం లోపలి గాలి పీడనాన్ని బయటి పీడనంతో సమానంగా ఉంచుతుంది. దాన్ని స్టిక్కరుతో మూసేసి పెన్ను బాగాలేదనుకునేవాళ్లున్నారు.

మూత రంధ్రానిది వేరే కథ. పిల్లలే కాదు, పెద్దలూ పెన్ను మూత నోట్లో పెట్టుకుంటారు. అది ఊపిరి గొట్టంలోకి జారితే బిరడాలా బిగుసుకుంటుంది. రంధ్రం ఉంటే వైద్యం అందేదాకా కాస్త గాలి ఆడే అవకాశం ఉంటుంది. 1990ల మొదట్లో తయారీదారులు ఇలాంటి మూతలకు మారారు, ఐఎస్ఓ 11540 అనే ప్రమాణం దీని గురించే. రంధ్రం ఉంది కదా అని మూత నమలడం క్షేమమేమీ కాదు.

ఇంకు నిండుగా ఉన్నా పెన్ను రాయడం లేదు. ఏం చేయాలి?

ముందు కారణం కనిపెట్టండి. మొన దగ్గర ఉండేది ఒక మిల్లీమీటరు లేదా అంతకంటే చిన్న గుండు. మామూలుగా టంగ్‌స్టన్ కార్బైడ్‌తో చేస్తారు. అది దొర్లుతూ వెనకనున్న చిక్కటి ఇంకును కాగితం మీదికి తెస్తుంది. గోడ మీది క్యాలెండరు మీద, లేదా పడుకుని పైకి పట్టుకుని రాస్తే ఇంకు గుండు నుంచి వెనక్కి జారి, మధ్యలో గాలి చేరుతుంది. ఆ తర్వాత నిలువుగా పట్టుకున్నా రాయదు. ఇలాంటి పెన్నును మొన కిందికి ఉండేలా కప్పులో నిలబెట్టి రాత్రంతా వదిలేయండి.

చాలాకాలం వాడకపోతే మొన దగ్గర ఇంకు గట్టిపడుతుంది. మొనను గోరువెచ్చని నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ఉంచి, తుడిచి, గరుకు కాగితం మీద గుండ్రంగా గీకండి. అగ్గిపుల్ల మంటకు చూపించడం చాలామంది చేసే పని. ప్లాస్టిక్ మెత్తబడి ఇంకు ఒక్కసారిగా కారిపోతుంది, అది వద్దు. నూనె చేతులు పడిన కాగితం మీద, నున్నటి మైనపు కాగితం మీద రాయకపోతే తప్పు పెన్నుది కాదు. గుండు దొర్లకుండా జారిపోతుంది.

ఈ చిక్కదనమే బాల్‌పెన్ను కథలో అసలు చిక్కు. అమెరికాలో జాన్ లౌడ్ 1888లోనే గుండు మొన పెన్నుకు పేటెంటు తీసుకున్నాడు. అది తోలు మీద గీతలు గీయడానికి పనికొచ్చింది గానీ కాగితం మీద రాతకు కుదరలేదు. ఇంకు పల్చనైతే కారేది, చిక్కనైతే ఆగేది. హంగరీ పాత్రికేయుడు లాస్లో బీరో, రసాయనాలు తెలిసిన సోదరుడు ద్యార్ద్‌తో కలిసి సరైన ఇంకు తయారుచేసి 1938లో పేటెంటు తీసుకున్నాడు. తర్వాత వాళ్లు అర్జెంటీనాకు వలసపోయి అక్కడ పెన్నుల తయారీ మొదలుపెట్టారు.

అంతరిక్షంలో రాసే పెన్ను కోసం నాసా కోట్లు తగలేస్తే, రష్యావాళ్లు పెన్సిల్‌తో సరిపెట్టుకున్నారట. నిజమేనా?

కాదు. మొదట్లో రెండు దేశాలవాళ్లూ పెన్సిళ్లు వాడారు. విరిగిన మొనలు, గ్రాఫైట్ పొడి గాల్లో తేలుతూ పరికరాల్లో దూరితే ప్రమాదం, పైగా గ్రాఫైట్‌లోంచి కరెంటు పారుతుంది. పీడనంతో ఇంకును తోసే పెన్నును పాల్ ఫిషర్ తన సొంత డబ్బుతో తయారుచేశాడు. 1960ల చివర్లో నాసా కొంది, సోవియట్లు కూడా అవే కొన్నారు.

జిప్పు వేశాక మధ్యలో విడిపోతోంది. పళ్లు అరిగాయా?

చాలావరకు పళ్లు బాగానే ఉంటాయి, అరిగింది రన్నర్. జిప్పు పన్ను ప్రతిదానికీ పైన ఒక బుడిపె, కింద ఒక గుంట ఉంటాయి. రన్నర్ లోపల రెండు దారులు కలిసి ఒకటవుతాయి. అక్కడ పళ్లు సరైన కోణంలో వంగి, ఒకదాని బుడిపె పక్కదాని గుంటలో కూర్చుంటుంది. వాడగా వాడగా రన్నర్ పై రేకు, కింది రేకు మధ్య సందు పెరుగుతుంది. పళ్లు దగ్గరకు వస్తాయి గానీ నొక్కుడు చాలదు.

బాగుచేసే తీరు ఇది. రన్నర్‌ను పూర్తిగా కిందికి, అంటే జిప్పు తెరుచుకునే వైపు చివరికి తీసుకెళ్లండి. ప్లయర్‌తో రన్నర్ వెనక భాగాన్ని, పళ్లు కలిసి బయటికొచ్చే వైపున, ఒక పక్క కొద్దిగా నొక్కండి. తర్వాత రెండో పక్క అంతే నొక్కండి. వేసి చూడండి. కుదరకపోతే మళ్లీ ఇంకొంచెం. ఒకేసారి గట్టిగా నొక్కితే జింకు మిశ్రమంతో చేసిన రన్నర్ పుటుక్కున విరుగుతుంది. బిగుసుకుపోతే సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో సందు కొంచెం తెరవండి.

రన్నర్ మార్చాల్సి వస్తే దాని వెనక 3, 5, 8, 10 లాంటి అంకె ఉందేమో చూడండి. మూసిన పళ్ల వరుస వెడల్పు సుమారు అన్ని మిల్లీమీటర్లని అర్థం. అంకె ఒక్కటే చాలదు, జిప్పు రకం కూడా కలవాలి: లోహపు పళ్లు, అచ్చుపోసిన ప్లాస్టిక్ పళ్లు, నైలాన్ చుట్ట. 5 నంబరు లోహపు రన్నర్ 5 నంబరు నైలాన్ మీద సరిగ్గా నడవదు. నైలాన్ చుట్టలో ఒక సుగుణం ఉంది. మధ్యలో విడిపోతే రన్నర్‌ను కింది దాకా తెచ్చి మళ్లీ పైకి లాగితే తరచూ దానంతటదే సర్దుకుంటుంది. లోహపు జిప్పులో ఒక పన్ను ఊడితే మాత్రం అక్కడికి కాస్త పైన దారంతో గట్టిగా కుట్టి, కొత్త అడ్డు పెట్టడమే దారి.

బిగుసుగా నడిచే లోహపు జిప్పుకు పెన్సిల్ మొన రుద్దండి, ప్లాస్టిక్‌కు కొవ్వొత్తి మైనం. నూనె వద్దు, మరక పడుతుంది, దుమ్ము పడుతుంది. ప్యాంటు జిప్పు తనంతట తానే జారుతోందంటే రన్నర్ పట్టీని పైకి నిలబెట్టి వదిలేస్తున్నారేమో చూసుకోండి. ప్యాంటు రన్నర్లలో చాలావాటికి పట్టీ కింద చిన్న పిన్ను ఉంటుంది. పట్టీని కిందికి పడుకోబెడితేనే అది పళ్ల మధ్య దిగి తాళం పడుతుంది.

అమెరికాలో విట్‌కాంబ్ జడ్సన్ 1893లో పేటెంటు తీసుకున్న మొదటి రకం కొక్కేలతో చేసింది, మాటిమాటికీ విడిపోయేది. ఇప్పటి పళ్ల జిప్పును గిడియన్ సుండ్‌బ్యాక్ 1913లో రూపొందించాడు. 1917లో పేటెంటు వచ్చింది. బట్టలకంటే ముందు అది బాగా పేరు తెచ్చుకున్నది 1920ల్లో, బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీ రబ్బరు బూట్ల మీద.

ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు. ఈ వంకర లెక్క ఎవరు పెట్టారు?

వంకర లెక్క కాదు, కాగితం కొలతల్లో ఇంతకంటే అందమైన లెక్క లేదు. పొడవును వెడల్పుతో భాగిస్తే రెండు వర్గమూలం, అంటే 1.414 వస్తుంది. ఈ నిష్పత్తి ఉన్న కాగితాన్ని సగానికి మడిస్తే వచ్చే ముక్కకు కూడా అదే నిష్పత్తి ఉంటుంది. ఇంకే నిష్పత్తికీ ఈ గుణం లేదు. జర్మన్ శాస్త్రవేత్త లిఖ్టెన్‌బెర్గ్ 1786లో ఒక ఉత్తరంలో దీన్ని వివరించాడు. వాల్టర్ పోర్స్ట్‌మాన్ కృషితో 1922లో జర్మనీ ప్రమాణమైంది, 1975లో ఐఎస్ఓ 216గా అంతర్జాతీయ ప్రమాణమైంది.

మొదలు ఏ0. దాని వైశాల్యం సరిగ్గా ఒక చదరపు మీటరు ఉండాలని పెట్టుకున్నారు, అందుకే 841 × 1189. నాలుగుసార్లు సగం చేస్తే ఏ4, అంటే చదరపు మీటరులో పదహారో వంతు. ఇక్కడినుంచి లెక్కలన్నీ చేతికొస్తాయి. 80 జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు, కాబట్టి ఒక ఏ4 బరువు 5 గ్రాములు. 500 కాగితాల కట్ట రెండున్నర కిలోలు. కట్టను తూకం వేస్తే 2.2 కిలోలే ఉంటే అది 70 జీఎస్ఎం కాగితం అన్నమాట, పైన ఏం రాసి ఉన్నా సరే.

జిరాక్సు మిషన్ మీద 71 శాతం, 141 శాతం బటన్లు ఉండేదీ ఇందుకే. 71 శాతానికి తగ్గిస్తే ఏ4 పేజీ ఏ5లో, ఏ3 పేజీ ఏ4లో అంచులు వృథా కాకుండా పడుతుంది. చాలామంది సగం కావాలని 50 నొక్కుతారు. అప్పుడు పొడవూ వెడల్పూ రెండూ సగమై, అచ్చు పావు భాగానికి కుంచించుకుపోతుంది.

నిష్పత్తిని కళ్లారా చూడాలంటే ఒక ఏ4 తీసుకుని పై మూలను కిందికి మడవండి, పొట్టి అంచు పొడుగు అంచు మీద పడేలా. ఏటవాలు మడత వస్తుంది. ఇంకో ఏ4 కాగితం పొడుగు అంచును ఆ మడత మీద ఆనించండి. రెండూ సమానం.

ప్రింటు తీస్తే అంచులు తెగిపోతున్నాయా? ఫైలు అమెరికా లెటర్ కొలతలో, అంటే 216 × 279లో తయారై ఉంటుంది. అది ఏ4 కంటే వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. ప్రింటు సెట్టింగుల్లో పేజీకి సరిపోయేలా కుదించమనే ఐచ్ఛికం ఎంచుకుంటే సరిపోతుంది.

బార్‌కోడ్ కింద 13 అంకెలు ఏం చెబుతాయి? వస్తువు ఎక్కడ తయారైందో తెలుస్తుందా?

తెలియదు. మొదటి మూడు అంకెలు ఆ కంపెనీ ఏ దేశపు సంస్థ దగ్గర నంబరు తీసుకుందో చెబుతాయి. వస్తువు ఇంకెక్కడైనా తయారై ఉండొచ్చు. మొదటి అంకెలు చూసి దేశం చెప్పే ఫార్వర్డులను నమ్మి కొనుగోళ్లు చేయకండి. నంబరులో ధర కూడా ఉండదు, అది దుకాణం కంప్యూటరులో ఉంటుంది.

చివరి అంకె తనిఖీ కోసం. పుస్తకం వెనక ఉండే 9780306406157 అనే నంబరు తీసుకుందాం. ఎడమ నుంచి 1, 3, 5, 7, 9, 11 స్థానాల్లోని అంకెలు కలపండి: 9, 8, 3, 6, 0, 1. మొత్తం 27. మిగతావి 7, 0, 0, 4, 6, 5 కలిపితే 22, దాన్ని మూడుతో హెచ్చిస్తే 66. రెండూ కలిపి 93. తర్వాతి పదుల అంకె 100 చేరడానికి 7 కావాలి. చివరి అంకె 7.

ఒక్క అంకె తప్పు పడినా ఈ లెక్క పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే చాలావరకు పట్టుకుంటుంది గానీ, వాటి తేడా సరిగ్గా 5 అయితే పట్టుకోలేదు. పై నంబరులోనే 61ని 16గా మార్చి లెక్కవేయండి: 32, ఆపైన 17 మూళ్లు 51, మొత్తం 83. మళ్లీ 7 వస్తుంది. స్కానరు పనిచేయక నంబరు చేత్తో కొట్టినప్పుడు అరుదుగా తప్పు సరుకు పడడానికి ఇదొక కారణం.

స్కానరు చదవకపోవడానికి మామూలు కారణాలు మూడు. గీతలకు రెండు పక్కలా ఉండాల్సిన ఖాళీని డిజైనరు మింగేయడం. మెరిసే ప్లాస్టిక్ ముడతలు పడడం, దీనికి కవరును సాగదీసి కాస్త వంచి చూపితే చాలు. మూడోది తెల్లటి నేల మీద ఎర్ర గీతలు వేయడం. చాలా స్కానర్ల వెలుగు ఎరుపే కాబట్టి వాటికి ఎరుపూ తెలుపూ ఒక్కలాగే కనిపిస్తాయి.

నార్మన్ వుడ్‌లాండ్ సముద్రపు ఇసుకలో వేళ్లతో గీతలు లాగుతూ, మోర్స్ సంకేతాల చుక్కలనూ గీతలనూ కిందికి సాగదీస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. బెర్నార్డ్ సిల్వర్‌తో కలిసి 1952లో పేటెంటు పొందాడు. కానీ చవకైన లేజర్లు, కంప్యూటర్లు వచ్చేదాకా అది కాగితం మీదే ఉండిపోయింది. అమెరికాలోని ఒహాయోలో, ట్రాయ్ అనే ఊళ్లో 1974 జూన్ 26న దుకాణంలో మొదటిసారి స్కాన్ చేసింది ఒక చూయింగ్‌గమ్ ప్యాకెట్‌ను.

స్క్రూ విప్పుతుంటే తల గుండ్రంగా అరిగిపోతోంది. స్క్రూడ్రైవర్ నాసిదా?

నాసిది కాకపోవచ్చు, జోడీ తప్పు కావచ్చు. ప్లస్ గుర్తులా ఉన్నవన్నీ ఒకటి కావు. 1930ల్లో హెన్రీ ఫిలిప్స్ ప్రచారంలోకి తెచ్చిన ఫిలిప్స్ తల ఒకటి. ప్లస్ గాడుల మధ్య సన్నటి గీతలు అదనంగా ఉంటే అది పోజిడ్రైవ్. ఫిలిప్స్ గాడి గోడలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి గట్టిగా తిప్పితే స్క్రూడ్రైవర్ పైకి తన్నుకొస్తుంది. తిప్పడానికి పెట్టే బలంకంటే లోపలికి నొక్కే బలం ఎక్కువ ఉండాలి. మధ్యరకం స్క్రూలకు 2వ నంబరు, చిన్నవాటికి 1. చిన్న మొనతో పెద్ద స్క్రూ తిప్పడమే తలలు అరగడానికి ముఖ్య కారణం. ఇప్పటికే అరిగి ఉంటే వెడల్పాటి రబ్బరు బ్యాండును గాడి మీద పరిచి, దాని మీదుగా గట్టిగా నొక్కి మెల్లగా తిప్పండి.

విప్పేకొద్దీ బిగుసుకుంటుంటే ఎడమ మర అయివుండొచ్చు. టేబుల్ ఫ్యాను రెక్కలను పట్టే నాబ్ చాలా మోడళ్లలో అలాంటిదే. సైకిల్ ఎడమ పెడల్ కూడా అంతే, లేకపోతే తొక్కేకొద్దీ దానంతటదే ఊడొస్తుంది. గుర్తుపెట్టుకోవడానికి ఒకే సూత్రం: రెంచిని నిలువుగా పైకి ఉండేలా పెట్టి వెనక చక్రం వైపు తోస్తే రెండు పెడళ్లూ విప్పుకుంటాయి.

సింకు కింద గొట్టానికి ఆ వంపు ఎందుకు? కొన్నాళ్లు ఇంట్లో లేకపోతే బాత్రూం ఎందుకు కంపుకొడుతుంది?

వంపులో నిలిచే నీరే మురుగు వాసనకు తలుపు. సుమారు 50 మిల్లీమీటర్ల నీరు నిలబడి, కాలువలోని గాలిని పైకి రానివ్వదు. గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లో మరుగుదొడ్డికి ఇలాంటి వంపు గొట్టం పెట్టి పేటెంటు తీసుకున్నాడు. (మరుగుదొడ్డి కనిపెట్టింది థామస్ క్రాపర్ అనే మాట తప్పు. ఆయన వాటిని తయారుచేసి అమ్మిన వ్యాపారి.)

వాడకపోతే నీరు ఆవిరై తలుపు తెరుచుకుంటుంది. ప్రతి సింకులో, నేల జాలీలో ఒక్కో చెంబు నీళ్లు పోస్తే వాసన ఆగుతుంది. ఊరెళ్లేముందైతే నీళ్లు పోశాక పైన ఒక చెంచా నూనె వేయండి, ఆవిరి కావడం నెమ్మదిస్తుంది. రోజూ వాడుతున్నా వాసన వస్తూ, నీళ్లు పోయేటప్పుడు గుడగుడ చప్పుడు చేస్తుంటే గాలి గొట్టం మూసుకుపోయి వంపులోని నీటిని కాలువ లాగేసుకుంటోందన్నమాట. అప్పుడు ప్లంబరు కావాలి. ఉంగరం సింకులో పడితే కంగారుపడి నీళ్లు వదలకండి. అది ఆ వంపులోనే ఆగి ఉంటుంది. కింద బకెట్ పెట్టి రెండు నట్లు చేత్తో విప్పితే దొరుకుతుంది.

తాళంకప్ప అడుగున, తాళంచెవి రంధ్రం పక్కన చిన్న రంధ్రం దేనికి?

లోపలికి చేరిన వాన నీరు కారిపోవడానికి. బిగుసుకున్న తాళంలో నూనె చుక్క వేయడానికీ అదే దారి. తాళంచెవి దూరే చోట మాత్రం నూనెకంటే గ్రాఫైట్ పొడి మేలు.

జీన్స్ జేబులో ఆ బుల్లి జేబు, మూలల్లో రాగి రివెట్లు?

బుల్లి జేబు గొలుసు గడియారానిది. రివెట్లు జేబు మూలలు చిరగకుండా. అమెరికాలోని రీనోలో దర్జీ జేకబ్ డేవిస్ ఆలోచన అది. బట్ట సరఫరా చేసే లీవై స్ట్రాస్‌తో కలిసి 1873 మే 20న పేటెంటు పొందాడు. వెనక జేబుల రివెట్లు కుర్చీలను, గుర్రపు జీనులను గీకేస్తున్నాయని ఫిర్యాదులు రావడంతో 1937లో వాటిని బట్ట కింద దాచారు.

అంటించే పసుపు చీటీ గోడకు పెడితే చివర పైకి లేచి రాలిపోతుంది. జిగురు అయిపోయిందా?

తీసే పద్ధతి తప్పు. కట్టలోంచి కింది అంచు పట్టుకుని పైకి లాగితే కాగితం చుట్టుకుపోతుంది, ఆ వంపు జిగురును గోడనుంచి లాగుతుంది. జిగురు ఉన్న అంచుకు సమాంతరంగా, ఒక పక్క నుంచి రెండో పక్కకు ఒలవండి, చీటీ చదునుగా వస్తుంది. దాని జిగురు సన్నటి గుండ్లలా ఉండి గోడను అక్కడక్కడా మాత్రమే తాకుతుంది, అందుకే మళ్లీ ఊడొస్తుంది. దుమ్ము పడితే ఆ గుండ్లు కప్పుకుపోతాయి, కాబట్టి గోడను ముందు పొడి బట్టతో తుడవండి. స్పెన్సర్ సిల్వర్ 1968లో గట్టి జిగురు చేయబోతే ఈ బలహీనమైనది వచ్చింది. పాటల పుస్తకంలో జారిపోని పేజీ గుర్తు కోసం వెతుకుతున్న సహోద్యోగి ఆర్ట్ ఫ్రై 1974లో దానికి పని కనిపెట్టేదాకా అది అలాగే పడి ఉంది. అమెరికా అంతటా అమ్మకాలు మొదలైంది 1980లో.